బ్రోకెన్ హిల్: గని చుట్టూ అల్లుకున్న ఊరు

సోమవారం

సిడ్నీ సెంట్రల్ స్టేషన్‌లో పొద్దున్నే రైలెక్కితే బ్రోకెన్ హిల్ చేరేసరికి చీకటి పడుతుంది. దూరం 1,100 కిలోమీటర్ల పైమాటే. నేరుగా వెళ్లే ఈ రైలు వారానికి ఒక్కటే. సోమవారం వెళ్తుంది, మంగళవారం వెనక్కి వస్తుంది. విమానంలోనూ వెళ్లొచ్చు కానీ, ఈ ఊరు ఎంత దూరంలో ఉందో తెలియాలంటే నేల మీద వెళ్లడమే మంచిది. బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఇంత దూరం, ఇంత ఎండలో ఎలా వచ్చారా అనిపిస్తుంది.

బ్లూ మౌంటెన్స్ దాటి, ఆరెంజ్ దాకా అంతా పచ్చదనమే. పార్క్స్ దగ్గర గోధుమ పొలాలు. కాండోబొలిన్ తర్వాత నేల రంగు మారుతూ వచ్చి చివరికి పూర్తిగా ఎర్రబడింది. గంటల తరబడి కిటికీలో అదే ఎర్ర మట్టి, అవే పొట్టి పొదలు. రైలు చప్పుడుకి ఈమూ పక్షులు పరిగెత్తుతున్నాయి. నా ముందు సీటులోని పెద్దావిడ ఒక్కసారి కూడా పుస్తకంలోంచి తలెత్తలేదు. ఆవిడకి ఇదంతా మామూలే.

మసక చీకట్లో మెనిండీ వచ్చింది. డార్లింగ్ నది ఒడ్డున చిన్న ఊరు. ఆ నదిని అక్కడి ఆదివాసులు బార్కింజిలు బాకా అంటారు. వాళ్ల జాతి పేరు కూడా ఆ నది పేరు మీద వచ్చిందే. 2018-19 ఎండాకాలంలో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి ఇక్కడ చేపలు లక్షల కొద్దీ చచ్చి తేలాయి. బ్రోకెన్ హిల్ దశాబ్దాల పాటు తాగింది ఈ మెనిండీ చెరువుల నీళ్లే. 2019 నుంచి 270 కిలోమీటర్ల పైపులైను ద్వారా ముర్రే నది నీళ్లు వస్తున్నాయి. ఎడారి మధ్య ఊరు నిలబెట్టడానికి ఎంత తతంగం!

దిగగానే గడియారం అరగంట వెనక్కి తిప్పుకున్నాను. ఊరు న్యూ సౌత్ వేల్స్‌లో ఉంది కానీ, టైమ్ మాత్రం పక్క రాష్ట్రం సౌత్ ఆస్ట్రేలియాది. అంటే మే నెలలో మన ఇండియాకి సరిగ్గా నాలుగు గంటలు ముందు. బెల్లంపల్లిలో ఉన్న మా నాన్నకి, బాపుకి, ఫోన్ చేయడానికి లెక్క సులువైంది.

బాపు సింగరేణిలో బొగ్గు బాయి దిగి రిటైరైన మనిషి. నేను ఈ ఊరికి రావడానికి సగం కారణం ఆయనే.

మంగళవారం

ఊరు మధ్యలో నల్లటి కొండ ఒకటి ఉంది. అది నిజంగా కొండ కాదు, గనిలోంచి తీసి పోసిన రాతి గుట్ట. అసలు కొండ ఎప్పుడో పోయింది. 1883లో ఛార్లెస్ రాస్ప్ అనే జర్మన్, గొర్రెల ఫారంలో కంచెలు చూసుకునే ఉద్యోగి, ఇక్కడి విరిగినట్టున్న కొండ మీద నల్లరాయిని చూసి తగరం అనుకున్నాడు. తీరా చూస్తే వెండి, సీసం, జింకు. ఆ ఖనిజపు పొర దాదాపు ఏడు కిలోమీటర్ల పొడవు. ప్రపంచంలోని అతి గొప్ప నిక్షేపాల్లో అదొకటి. రాస్ప్, అతని తోటివాళ్లు కలిసి పెట్టుకున్న సిండికేటు 1885లో బ్రోకెన్ హిల్ ప్రొప్రయిటరీ కంపెనీ అయింది. ఈనాటి భారీ గనుల కంపెనీ బీహెచ్‌పీ అదే. కంపెనీ 1939లో ఈ ఊరు వదిలి వెళ్లిపోయింది. ఊరి పేరులోని రెండక్షరాలు మాత్రం ఇంకా దాని పేరులో ఉన్నాయి.

వీధుల పేర్లు చదువుతూ తిరుగుతుంటే కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉన్నట్టే ఉంటుంది. ఆర్జెంట్, ఆక్సైడ్, క్లోరైడ్, సల్ఫైడ్, బ్రోమైడ్, అయోడైడ్, కోబాల్ట్. ఏ మూల నిలబడినా వీధి చివర ఆ నల్లగుట్ట కనిపిస్తుంది. మెయిన్ రోడ్డు ఆర్జెంట్ స్ట్రీట్‌లో గడియారపు బురుజుతో పోస్టాఫీసు, పెద్ద పెద్ద వరండాలతో పాత హోటళ్లు. నాలుగడుగులు పక్కకు వేస్తే రేకుల ఇళ్లు. పైకప్పే కాదు, గోడలూ రేకులే. ఈ చుట్టుపక్కల కలప దొరకదు. రేకులైతే తేలిక, ఇల్లు విప్పుకుని ఇంకోచోటికి పట్టుకుపోవచ్చు. పాతికేళ్లో, వందేళ్లో ఉంటామని ఎవరూ అనుకోని రోజుల్లో కట్టిన ఇళ్లివి. ఇప్పటికీ వాటిలో కాపురాలున్నాయి. ముందు గులాబీ మొక్కలు, కిటికీలకి లేసు కర్టెన్లు.

సల్ఫైడ్, బ్లెండ్ వీధులు కలిసే మూలమీద ట్రేడ్స్ హాల్. ఊళ్లో నాకు అన్నిటికంటే నచ్చిన భవనం ఇదే. 1898లో మొదలుపెట్టి 1905లో పూర్తిచేశారు. కట్టించింది ప్రభుత్వమూ కాదు, కంపెనీ కాదు. కార్మిక సంఘాలు సొంత డబ్బుతో కట్టుకున్నాయి. అంత అలంకారం, అంత నిండుదనం ఉన్న భవనాన్ని ఆ రోజుల్లో బ్యాంకులే కట్టించుకునేవి. గని పనివాళ్లు మాకూ కావాలనుకున్నారు.

1923లో ఊళ్లోని సంఘాలన్నీ బారియర్ ఇండస్ట్రియల్ కౌన్సిల్ కింద ఒక్కటయ్యాయి. తర్వాత దశాబ్దాల పాటు ఊరిని నడిపింది దాదాపుగా అదే. కంపెనీలతో మూడేళ్లకోసారి ఒప్పందాలు చేసుకునేది. ఏ షాపులో పనిచేసేవాళ్లయినా యూనియన్ బ్యాడ్జి పెట్టుకోవాల్సిందే. 1925 నుంచి 'లెడ్ బోనస్' వచ్చింది, అంటే మార్కెట్లో సీసం ధర పెరిగితే కార్మికుడి జీతంలోనూ కొంత పెరుగుతుంది. దసరాకి సింగరేణి లాభాల వాటా ఎంత ప్రకటిస్తారా అని ఎదురుచూసిన ఇంట్లో పెరిగినదాన్ని కనుక ఈ సంగతి నాకు వెంటనే ఎక్కింది. సంఘం సొంతంగా దినపత్రిక నడిపింది. 'బారియర్ డైలీ ట్రూత్' 1908లో రోజూ రావడం మొదలైంది.

అయితే ఆ కౌన్సిలే పెళ్లయిన ఆడవాళ్లు ఉద్యోగం చేయకూడదని కూడా కట్టడి చేసింది. మగవాళ్లకీ, పెళ్లికాని అమ్మాయిలకీ పని దక్కాలన్నది కారణం. దశాబ్దాల పాటు ఎంతమంది ఆడవాళ్లు పెళ్లి రోజునే ఉద్యోగం వదులుకున్నారో. హక్కుల కోసం అంత పోరాడిన సంఘం సగం మంది హక్కుని ఇలా తీసేయడం నాకు మింగుడు పడలేదు. ఊరి గొప్పతనం చెప్పేటప్పుడు ఇదీ చెప్పాలి.

టీ తాగడానికి కూర్చున్నచోట పక్క టేబుల్ ముసలాయన పలకరించాడు. ఎక్కడి నుంచి వచ్చావని అడిగి, తను మాత్రం 'ఏ గ్రూపర్' అన్నాడు. అంటే ఇక్కడే పుట్టిన మనిషి. ఇక్కడ పుట్టనివాళ్లు ఎన్నేళ్లున్నా 'ఫ్రమ్ అవే'. ఆయన భార్య నలభై ఏళ్ల కిందట వచ్చిందట, ఆవిడ ఇప్పటికీ బయటి మనిషే. ఒకప్పుడు గనుల్లో ఉద్యోగాలు ముందు ఊళ్లోవాళ్లకే ఇచ్చేవారు, ఆ లెక్కలోంచి పుట్టిన మాట ఇది.

బుధవారం

నల్లగుట్ట పైకి వెళ్లాను. అక్కడ 2001లో కట్టిన గని కార్మికుల స్మారకం ఉంది. తుప్పు రంగు ఇనుప పలకలతో ఇరుకైన నడవా. లోపలికి అడుగుపెడితే రెండు పక్కలా గాజు పలకలు, వాటి మీద పేర్లు. 1880ల నుంచి ఇక్కడి గనుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు 800 మందికి పైగా.

ఏడాది, పేరు, పక్కనే ఎలా పోయాడో. అంతే. రాయి పడి. షాఫ్టులో జారిపడి. పేలుడు ముందే జరిగి. సీసం విషం ఎక్కి. తొలి ఏళ్ల పలకలు కిక్కిరిసి ఉన్నాయి. ఒకే ఇంటిపేరు రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. తండ్రీ కొడుకులో, అన్నదమ్ములో. కొన్ని పేర్ల దగ్గర గులాబీలు గుచ్చి పెట్టారు, వాటిలో కొన్నిటి రంగు ఇంకా వెలవలేదు. నేను ఉన్న సేపట్లోనే ఒకావిడ చిన్న పిల్లని చెయ్యి పట్టుకుని వచ్చి, ఒక పేరు దగ్గర ఆగి, పిల్ల వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించి చూపించింది.

బెల్లంపల్లిలో చిన్నప్పుడు బాయి దగ్గర నుంచి అంబులెన్స్ వెళ్తే కాలనీ మొత్తం గుమ్మాల్లోకి వచ్చేది. ఎవరిదో తెలిసేదాకా ఎవరింట్లోనూ పొయ్యి మీద గిన్నె కదిలేది కాదు. ఆ పేర్లు మా వీధిలో కొన్నాళ్లు నలిగి తర్వాత మాసిపోయేవి. ఎలా పోయాడో కూడా రాసిన ఇలాంటి గోడ మన బాయిల దగ్గర నేనెప్పుడూ చూడలేదు. పేరు పక్కన కారణం రాయడంలో చాలా ఉంది. ఫలానా ఏళ్లలో రాళ్లు పడి ఇంతమంది పోయారంటే, ఆ ఏళ్లలో కప్పుకి సరైన ఊతం లేదని ఆ గోడే చెబుతోంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

పైనుంచి చూస్తే ఊరు మొత్తం కనిపిస్తుంది. ఒక పక్క గని యంత్రాలు, ఇంకా పనిచేస్తున్నాయి. 1915 ప్రాంతంలో ఈ ఊళ్లో 35 వేల మంది ఉండేవాళ్లు. 2021 జనాభా లెక్కల్లో 17 వేల పైచిలుకు. అంటే సగానికి సగం తగ్గింది.

ఇక్కడి సమ్మెల గురించి పాఠ్యపుస్తకాల్లో చదవాల్సినంత ఉంది. 1892లో, 1909లో పెద్ద గొడవలు. అన్నిటికీ మించినది 1919 మేలో మొదలై 1920 నవంబరు దాకా సాగింది. పద్దెనిమిది నెలలు. అంతకాలం జీతం లేకుండా ఊరు ఊరంతా నిలబడింది. ఆ సమయంలో కార్మికుల ఊపిరితిత్తులకి వైద్య పరీక్షలు చేయించారు. దుమ్ము పీల్చి ఎంతమంది పాడైపోయారో అప్పుడు కాగితం మీదికి వచ్చింది. చివరికి వారానికి 35 గంటల పని, ఊపిరితిత్తుల జబ్బుకి నష్టపరిహారం సాధించారు. ప్రపంచంలో చాలా చోట్ల ఎనిమిది గంటల పని కోసమే కొట్లాడుతున్న రోజులవి.

సాయంత్రం ఫోన్‌లో ఇది చెబితే బాపు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ముప్ఫై అయిదు గంటలా? వందేండ్ల కిందనా? మల్లొకసారి చెప్పు బిడ్డా" అన్నాడు.

గురువారం

ఎయిర్‌పోర్టు దగ్గర రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు కేంద్రం. డాక్టరే విమానమెక్కి రోగి దగ్గరికి వెళ్లే ఈ ఏర్పాటుని 1928లో క్వీన్స్‌ల్యాండ్‌లోని క్లోంకరీలో జాన్ ఫ్లిన్ అనే పాస్టర్ మొదలుపెట్టాడు. ఇక్కడి గొర్రెల ఫారాల మధ్య దూరాలు వింటే అదెందుకు అవసరమో తెలుస్తుంది. పక్కింటికి వెళ్లాలంటే గంట డ్రైవింగ్.

నన్ను కట్టిపడేసింది విమానాలు కాదు, మందుల పెట్టె. 1940ల నుంచి ప్రతి ఫారానికీ ఒకే రకం పెట్టె ఇస్తూ వస్తున్నారు. అందులో ప్రతి మందుకీ ఒక నంబరు. రేడియోలో, ఇప్పుడు ఫోన్‌లో, డాక్టరు మందు పేరు చెప్పడు, నంబరు చెబుతాడు. మందు పేరు సరిగ్గా వినపడకపోయినా, చదవడం రాకపోయినా నంబరు తప్పదు కదా. తర్వాత మనిషి శరీరం బొమ్మ కూడా ఇచ్చారు. దాని మీద భాగాలకి నంబర్లు. నొప్పి ఎక్కడంటే, ఫలానా నంబరు దగ్గర అని చెబితే చాలు. ఎంత సాదా ఉపాయం! మన ఏజెన్సీ గూడేల్లో, సిగ్నల్ అందీ అందని చోట్ల ఆశా కార్యకర్తల చేతిలో ఇలాంటి పెట్టె ఉంటే ఎంత బాగుండు అనుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

దూరపు ఫారాల్లోని పిల్లలకి పాఠాలు చెప్పే స్కూల్ ఆఫ్ ది ఎయిర్ ఇక్కడ 1956లో మొదలైంది. ముందుగా బుక్ చేసుకుంటే పాఠం జరుగుతుంటే వెనక కూర్చుని చూడొచ్చు. మొదట్లో రేడియోలో చెప్పేవారు, ఇప్పుడు ఇంటర్నెట్‌లో. టీచరు ఒక్కరే గదిలో, పిల్లలు తెర మీద. ఒక పిల్లాడు లెక్క చెబుతూ చెబుతూ మధ్యలో వెళ్లి గొర్రెపిల్లని ఎత్తుకొచ్చి కెమెరాకి చూపించాడు. టీచరు దాని పేరడిగి, మళ్లీ లెక్కలోకి తీసుకొచ్చింది. వేరే పిల్లలతో కలిసి బడిలో కూర్చునేది ఏడాదిలో కొద్దిసార్లేనట, అందుకే పొద్దున పలకరింపులకి బాగా టైమ్ ఇస్తారు.

శుక్రవారం

స్టర్ట్ పార్కులో విరిగిన స్తంభం ఆకారంలో ఒక స్మారకం ఉంది. టైటానిక్ ఓడ మునుగుతుంటే చివరిదాకా వాయించిన సంగీత బృందం కోసం 1913లో పెట్టింది. సముద్రానికి ఇంత దూరంలో ఇదేమిటి? ఈ ఊళ్లో బ్యాండు మేళాలు ఎక్కువ. ఎక్కడో అట్లాంటిక్‌లో తమలాంటి బ్యాండువాళ్లు పనిచేస్తూ పోయారని తెలిసి, ఇక్కడి బ్యాండువాళ్లు పూనుకుని ఈ రాయి నిలబెట్టారు. ట్రేడ్స్ హాల్ కట్టించిన మనసే ఇదీ.

రాత్రి ప్యాలెస్ హోటల్. 1889లో మద్యం లేని కాఫీ హోటల్‌గా కట్టారు. గని ఊళ్లో అది నడవలేదు, కొన్నేళ్లకే బార్ లైసెన్సు వచ్చింది. లోపల గోడలన్నీ బొమ్మలే. ఇటలీ నుంచి వచ్చి హోటల్ కొన్న ఓనరు ఆ పని మొదలుపెట్టాడు. ఆ తర్వాత గార్డన్ వే అనే ఆదివాసీ చిత్రకారుడు గోడల నిండా కొండలూ జలపాతాలూ గీశాడు. నీళ్లకి కటకటలాడిన ఊళ్లో ఎటు చూసినా నీళ్ల బొమ్మలు.

శుక్రవారం రాత్రి ఇక్కడ టూ-అప్ ఆడతారు. రెండు నాణేలని చిన్న చెక్క మీద పెట్టి గాల్లోకి ఎగరేస్తారు. రెండూ బొమ్మ పడాలి లేదా రెండూ బొరుసు పడాలి. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు అయితే మళ్లీ ఎగరెయ్యాలి. న్యూ సౌత్ వేల్స్‌లో మిగతా చోట్ల, సైనికుల్ని తలుచుకునే ఆంజాక్ డే లాంటి కొద్ది రోజుల్లోనే దీనికి అనుమతి. బ్రోకెన్ హిల్‌కి మాత్రం ఏడాది పొడవునా. పందెం కాయడానికి పుస్తకం, చీటీ ఏమీ లేవు. ఎదుటివాడి కళ్లలోకి చూసి నోటు పైకెత్తితే ఒప్పందం కుదిరినట్టే. ఓడినవాడు మాట్లాడకుండా డబ్బు చేతిలో పెడతాడు. ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య ఆ నమ్మకం చూడటానికైనా వెళ్లాలి. నేను ఆడలేదు, చూశాను.

తిండి సంగతి. ఈ ఊరి సొంత వంటకం 'చీజ్ స్లా'. తురిమిన చీజ్, తురిమిన క్యారెట్, మయనీజ్ కలిపి బ్రెడ్ మధ్య పెట్టుకుంటారు, సాండ్‌విచ్‌లోకి, బర్గర్‌లోకి, దేంట్లోకైనా. ఇంకో ఊళ్లో అడిగితే అర్థం కాదట. నేను మిరియాల పొడి చల్లుకుని తిన్నాను, బాగుంది.

శనివారం

పొద్దున ఊరి అంచున కంచె లోపలి పొదల్లో నడిచాను. దీన్ని రీజనరేషన్ రిజర్వు అంటారు. గనుల కోసం, పొయ్యిల కోసం చెట్లన్నీ కొట్టేశాక, మేకలూ కుందేళ్లూ మిగిలింది తినేశాక, ఊరి మీదికి ఇసుక దిబ్బలు వచ్చిపడేవి. గని కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ మోరిస్‌కి మొక్కలంటే ప్రాణం. ఆయన భార్య మార్గరెట్ కూడా అంతే. జంతువులు రాకుండా కంచె వేస్తే చాలు, ఈ నేల మొక్కలే తిరిగి లేస్తాయని ఆయన వాదన. 1936లో కంపెనీ ఒప్పుకుని కంచె వేయించింది. అన్నట్టే లేచాయి. ఆయన 1939 మొదట్లోనే పోయాడు. ఊరి చుట్టూ ఆకుపచ్చ పట్టీ మాత్రం పెరుగుతూ పోయింది. నాటి దుమ్ము తుపానుల ఫొటోలు చూసి ఇక్కడికి వస్తే ఈ బూడిద రంగు సాల్ట్‌బుష్ పొదలు ఎంత చేశాయో తెలుస్తుంది.

దుమ్ము తగ్గింది కానీ అందులోని సీసం పోలేదు. చిన్న పిల్లల రక్తంలో సీసం ఎంతుందో ఇప్పటికీ పరీక్షలు చేస్తారు. పిల్లల చేతులు తరచూ కడగండి, ఇల్లు తడిగుడ్డతో తుడవండి అని తల్లిదండ్రులకి చెబుతారు. ఇన్నేళ్ల సంపద ఎక్కడెక్కడికో వెళ్లింది. సీసం మాత్రం పెరట్లో ఉండిపోయింది. దీన్ని శుభ్రం చేసే ఖర్చు విషయంలో ప్రభుత్వాలు లెక్కలు చూసుకోవడం నాకు న్యాయంగా అనిపించదు.

మధ్యాహ్నం జూబిలీ ఓవల్‌లో ఫుట్‌బాల్. న్యూ సౌత్ వేల్స్ అంతా రగ్బీ పిచ్చి అయితే, ఇక్కడ సౌత్ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లాగా ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. నార్త్, సౌత్, సెంట్రల్, వెస్ట్ అని ఊళ్లోనే నాలుగు క్లబ్బులు. ఎవరు ఏ క్లబ్బో పుట్టుకతోనే తేలిపోతుంది. కార్లు గ్రౌండు చుట్టూ నిలిపి లోపల కూర్చుని చూస్తారు, గోల్ పడితే హారన్లు మోగిస్తారు. వెనకాల సాసేజ్‌లు కాల్చి అమ్మే ఆవిడ స్కోరు నాకంటే బాగా చెబుతోంది.

వచ్చేటప్పుడు సౌత్ బ్రోకెన్ హిల్‌లోని ప్యాటన్ స్ట్రీట్‌లో బెల్స్ మిల్క్ బార్. 1950ల నాటి కుర్చీలు, కౌంటరు అలాగే ఉంచారు. సిరప్‌లు వాళ్లే చేసుకుంటారు. మాల్టెడ్ మిల్క్ తాగండి.

ఆదివారం

ఊరికి ఉత్తరాన, విలియమ్, బక్ వీధుల మూలన చిన్న రేకుల మసీదు. ఎర్ర రంగు వేసిన ముడతల రేకులు, ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే కాలువ. 19వ శతాబ్దం చివర ఒంటెల బిడారులు ఆగిన చోట కట్టారు. రైలు రాని చోట్లకి సరుకు మోసింది, ఉన్ని తెచ్చింది, నీళ్లు పట్టుకెళ్లింది ఒంటెలే. వాటిని తోలినవాళ్లని అందరినీ కలిపి 'ఆఫ్ఘన్లు' అన్నారు కానీ, వాళ్లలో చాలామంది అప్పటి బ్రిటిష్ ఇండియా వాళ్లు. బలూచీలు, పంజాబీలు, సింధీలు, పెషావర్ వైపు పఠాన్లు. కరాచీ రేవు నుంచి ఓడల్లో ఒంటెలతో పాటే వచ్చారు. 1960లలో ఊరి చరిత్ర సంఘం దీన్ని బాగుచేయించి కాపాడింది. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. ఒంటె ముక్కుకి గుచ్చే చెక్క ముల్లు కూడా అక్కడ ఉంది. చేతివేలంత ఉంటుంది. అంత పెద్ద జంతువుని అది నడిపించింది.

ఇక్కడి నుంచి ఇంకో చోటికి వెళ్లాలి. అక్కడొక ఐస్‌క్రీమ్ బండి నమూనా పెట్టారు. 1915 జనవరి 1న, సుమారు 1,200 మంది కొత్త సంవత్సరం పిక్నిక్‌కి రైల్లో పక్క ఊరు సిల్వర్టన్ వెళ్తున్నారు. ఖనిజం మోసే టాపులేని వ్యాగన్లలో బెంచీలు వేసుకుని కూర్చున్నారు. ఒంటెల వాడ నుంచి వచ్చిన ఇద్దరు, ఐస్‌క్రీమ్ అమ్ముకునే గుల్ మొహమ్మద్, మాంసం కొట్టే ముల్లా అబ్దుల్లా, తుర్కీ జెండా పెట్టుకుని రైలు మీద కాల్పులు జరిపారు. ఊరివాళ్లు నలుగురు చనిపోయారు. తర్వాత పోలీసులు, సైనికులతో జరిగిన ఎదురుకాల్పుల్లో ఇద్దరూ పోయారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ పక్షం మీద పోరాడమని తుర్కీ ఒట్టోమన్ సుల్తాను ఇచ్చిన పిలుపు ఒక కారణం. అబ్దుల్లా విషయంలో ఇంకోటి కూడా ఉంది. లైసెన్సు లేని చోట గొర్రెల్ని కోస్తున్నాడని అతనికి జరిమానా వేశారు, వీధి పిల్లలు రాళ్లు రువ్వేవారు. ఆ రాత్రి గుంపు వెళ్లి జర్మన్ క్లబ్బుని తగలబెట్టింది. ఒంటెల వాడ మీదికీ బయల్దేరితే పోలీసులు అడ్డుకున్నారు.

చంపినదానికి ఏ కారణమూ సమర్థన కాదు. పిక్నిక్‌కి వెళ్తున్నవాళ్లు ఎవరికి ఏం చేశారు? కానీ ఇంత ఐకమత్యం ఉన్న ఊళ్లో కూడా ఆ ఐకమత్యం ఒంటెల వాడ దాకా రాలేదన్నది నిజం. తెల్ల కార్మికుల సంఘాలు ఒంటెలవాళ్లని పోటీదారులుగానే చూశాయి. ఈ ఊరు చూడటానికి వచ్చేవాళ్లు ట్రేడ్స్ హాల్ చూసి ఆగిపోకుండా ఇక్కడికీ రావాలి. ముఖ్యంగా మనవైపు నుంచి వచ్చినవాళ్లు.

సోమవారం

చివరిరోజుకి అట్టిపెట్టుకున్నది డేడ్రీమ్ గని. సిల్వర్టన్ దారిలో, 1880ల తొలినాళ్ల వెండి గని. హెల్మెట్, నడుముకి బ్యాటరీ, నుదుట లైటు. బాపు టోపీ లైటు నా చిన్నప్పుడు తెలుసు, పెట్టుకోవడం మాత్రం ఇదే. మన దేశంలో గనుల చట్టం ఆడవాళ్లని భూమి లోపల పనిలోకి రానీయలేదు, 2019లో గానీ సడలించలేదు. బొగ్గు బాయి పక్కనే పెరిగిన నేను బాయి ఎప్పుడూ దిగలేదు.

మెట్లు ఏటవాలుగా దిగుతాయి. కాసేపటికే నడుము వంచక తప్పదు. గోడ మీద చేయి పెడితే గరుకుగా, చల్లగా ఉంది. ఉలి దెబ్బలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఇక్కడ పనిచేసింది ఎక్కువగా ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాళ్లే. ఆ కార్న్‌వాల్ మనుషులే కోలార్ బంగారు గనుల్లో మన తెలుగు, తమిళ కూలీలకి పైవాళ్లుగా పనిచేశారు. ఈ డేడ్రీమ్ గని లోపల పిల్లలు కూడా పనిచేసేవారట. గైడు అందరి లైట్లూ ఆపించి ఒక్క కొవ్వొత్తి వెలిగించాడు. ఆ వెలుగులో ఉలి ఎక్కడుందో తెలుస్తుంది, చేయి ఎక్కడుందో తెలియదు.

పైకి రాగానే ఫోన్ చేశాను.

"బాపూ, బాయి దిగిన."

"దిగినవా! ఎంత లోతు? కప్పుకేం పెట్టిన్రు? దుంగలా, బోల్టులా?" ఆయన ప్రశ్నలు ఆగలేదు. చాలా చోట్ల ఒట్టి రాయే, అక్కడక్కడా దుంగలు అన్నాను. "దుంగ మంచిది. ఇనుము చెప్పకుంట పోతది, దుంగ ముందుగాల కిర్రుమంటది. అది ఇని ఉరికినోళ్లం ఎంతమందిమో" అన్నాడు.

బుధవారం చూసిన గోడ గురించి మళ్లీ అడిగాడు. పేరు పక్కన ఎలా పోయిందీ రాశారని చెప్పింది ఆయన మనసులో తిరుగుతూనే ఉంది. బెల్లంపల్లిలో బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఆయనతో పనిచేసినవాళ్లు కొడుకుల దగ్గరికి, కూతుళ్ల దగ్గరికి వెళ్లిపోయారు.

"పెన్నున్నదా బిడ్డా?" అన్నాడు. ఉందన్నాను. తన షిఫ్టులో పోయినవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. పేరు, ఊరు, ఏ బాయి, ఎట్లా పోయాడు. కప్పు కూలి ఒకరు. బొగ్గు డబ్బాలు లాగే హాలేజ్ తాడు తెగి ఒకరు. ఏడాది గుర్తు రాకపోతే, ఆ ఏడు ఏ బతుకమ్మకి ముందో తర్వాతో చెబుతున్నాడు. కాగితం రెండు పక్కలా నిండింది. "ఇయ్యాల్టికి గింతే. రేపు ఇంకో ఇద్దరిని అడిగి చెప్త, పైలంగ రాసి పెట్టు" అన్నాడు.